కొలతకి నిలబడ్డ మనిషి

వంతెన పని క్యాంపు, ఆడవాళ్ళ షెడ్డు
ఆదివారం

వదినా,

చొక్కా అందింది. రంగు బాగుంది, కుట్టు బాగుంది, జేబు మూత కూడా బాగుంది. బొత్తాం మాత్రం పట్టలేదు.

ఊపిరి పూర్తిగా వదిలేసి పెడితే పట్టింది. మళ్ళీ పీల్చగానే ఊడింది. క్రేను క్యాబిన్‌లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊపిరి బిగబట్టి కూర్చోమంటే నావల్ల అవుతుందా? షెడ్డులో అందరూ ఒక్కొక్కరే వచ్చి ఆ అంచూ ఈ అంచూ లాగి చూశారు. వెల్డింగు చేసే ఆవిడైతే, "మీ వదిన నిన్ను మర్చిపోయి ఇంకెవరికో కుట్టించిందే" అంది. నోరు ముయ్యమన్నాను. నువ్వు ఏటా పంపే మీడియం చొక్కా నాకు దగ్గరుండి కొలిచి కుట్టినట్టుండేది. మనిద్దరిదీ ఒకటే ఎత్తు, ఒకటే భుజాలు. నువ్వు కాపురానికొచ్చిన కొత్తలో నీ బట్టలు నేనూ నా బట్టలు నువ్వూ వేసుకుంటే అమ్మ వెనక నుంచి పోల్చుకోలేక నన్ను తిట్టబోయి నిన్ను తిట్టేది. చొక్కా మీ కంపెనీది, కొలత నీది. రెండూ మారేవి కావు. అంటే నేనే ఒళ్ళు చేశానన్నమాట.

స్టోర్సులో సిమెంటు సంచులు తూచే కాటా ఉంది. వెళ్ళి దాని మీద నిలబడ్డాను. అరవై రెండు. అది ఎక్కువో తక్కువో నాకేం తెలుసు? ఏడాదికోసారి డాక్టరు చెకప్పులో తూస్తారు కానీ, అప్పుడు నేను గోడ మీద బొమ్మలు చూస్తుంటాను. నేనెత్తే ఏ దూలం ఎంతుంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. నా బరువు అడిగితే మాత్రం నీళ్ళు నములుతాను.

అందుకే నిన్నడుగుతున్నా. నీ బరువెంత? సిగ్గుపడకుండా రాయి. మీ కంపెనీలో మీడియం అంటే నువ్వే కదా. నువ్వెంతో నేనూ అంతుంటే సరిపోతుంది. ఫోన్‌లో అడుగుదామంటే ఇక్కడ సిగ్నలు ఉండదు, అక్కడేమో అన్నయ్య ఫోనుకి చెవి అతికించుకుని కూర్చుంటాడు.

నీ ఆడపడుచు

చొక్కా సంగతి అన్నయ్యకి చెప్పకు. బతికున్నన్నాళ్ళూ వేళాకోళం చేస్తాడు.


మూడో అంతస్తు, వంటింటి బల్ల
బుధవారం

మరదలు పిల్లకి,

నేనేం చెప్పలేదు. కవరు విప్పిందే మీ అన్నయ్య. చదివి, "దానికి ఒళ్ళెక్కడ పెరిగిందే? మొన్న వచ్చినప్పుడు ఎప్పట్లాగే ఉందిగా" అని పేపర్లో తల దూర్చేశాడు. ఆయనకి నేను జుట్టు కత్తిరించుకున్న సంగతి తెలియడానికి నెల పట్టింది. ఆ మాట లెక్కలోకి తీసుకోకు.

ఇన్నేళ్ళలో నా పనేమిటో నీకు సరిగ్గా చెప్పలేదు. చెప్పడానికి పెద్దగా లేదు కూడా. పొద్దున వెళ్ళి అద్దాల గదిలో నిలబడతాను. కొత్త డిజైనులో మొదటి చొక్కా కుట్టి తెస్తారు. వేసుకుంటాను. మాస్టరు నా చుట్టూ తిరుగుతూ వదులైన చోట పిన్ను పెడతాడు, బిగువైన చోట సుద్దగీత గీస్తాడు. చెయ్యెత్తమంటాడు, కూర్చోమంటాడు, బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు పట్టుకోమంటాడు. ఆ పిన్నుల్నీ గీతల్నీ బట్టి అట్ట కోస్తారు. ఆ అట్టని బట్టి వేల చొక్కాలు కోస్తారు. అక్కడ నన్ను పేరుతో పిలిచేవాళ్ళు లేరు. "మీడియం గారొచ్చారా?" అంటారు. స్మాల్ గారు, లార్జి గారు కూడా ఉన్నారు. మేమంతా క్యాంటీన్లో ఒక బల్ల దగ్గర చేరితే, "దుకాణం తెరిచారు" అని నవ్వుతారు.

పాత మాస్టరు ప్రతి సోమవారం టేపు పెట్టి కొలిచేవాడు. పోయినేడు వచ్చిన కొత్తాయనకి ఆ చాదస్తం లేదు. మొదటి రోజే, "ఇన్నేళ్ళుగా ఒకటే కొలతట కదా. ఇంక టేపెందుకు మేడం, మీరే నా టేపు" అన్నాడు. మెచ్చుకోలు కిందే తీసుకున్నాను.

బరువడిగావు. ఆఫీసు కాగితాల్లో యాభై నాలుగని ఉంటుంది.

అలాగని నువ్వు కడుపు మాడ్చుకోనక్కర్లేదు. లార్జి పంపిస్తాను, వేసుకో. ఇక్కడ చలి మొదలైంది. మీ అన్నయ్య ఫ్యాను వేస్తానంటాడు, నేను స్వెట్టరు తొడుక్కుంటాను. రోజూ ఇదే గొడవ.

మీ వదిన


క్యాంపు, మెస్సు వెనక మెట్లు
ఆదివారం

వదినా,

లార్జి పంపావంటే అదే వ్యానులో తిప్పి పంపుతాను.

యాభై నాలుగన్నావు, చాలు. నాకు పట్టుకోవడానికి ఒక అంకె కావాలి, దొరికింది. ఇప్పుడు యాభై తొమ్మిదిలో ఉన్నాను. ఏం చేస్తున్నానని అడగకు, తినాల్సినవి తినడంలేదు, అంతే. మెస్సులో వంటావిడ అలిగింది. "నా వంట ఏం పాపం చేసిందమ్మా?" అంటుంది. గరిట నా కంచం మీద పెట్టుకుని నేను చెయ్యి అడ్డం పెట్టేదాకా కదలదు. వెనక వరసలో వాళ్ళు గోల పెడతారు. భోజనం వేళ నేనంటే ఎవరికీ గిట్టడం లేదు.

చొక్కా మంచం పక్కన మేకుకి తగిలించాను. వారానికోసారి వేసుకుని చూస్తాను. సందు కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. వెల్డింగావిడ, "చొక్కా మార్చుకుంటే పోయేదానికి మనిషిని మార్చుకుంటున్నావేంటే?" అంది. ఆవిడకేం తెలుసు? అది మా వదిన ఒంటి మీద పెట్టి సరిచూసిన చొక్కా, తప్పుంటే నాలోనే ఉంటుంది అని చెప్పాను. కాస్త గర్వంగానే చెప్పాను.

నిజం చెప్పనా, సరదాగా కూడా ఉంది. దూలాలు ఎత్తడం, దింపడం తప్ప ఇక్కడ వేరే ఊసు లేదు. కాటా ఎక్కిన ప్రతిసారీ ముల్లు కాస్త వెనక్కి జరిగితే పరీక్ష పాసైనట్టుంటుంది.

నువ్వు ఎలా తగ్గకుండా పెరగకుండా ఇన్నేళ్ళు ఉన్నావో రాయి. ఏదో కిటుకు ఉండే ఉంటుంది.

నీ ఆడపడుచు


మూడో అంతస్తు
గురువారం

అమ్మాయ్,

కిటుకు లేదు. నెమ్మదిగా తగ్గు. పని చేసే మనిషివి, రాత్రి భోజనం మానకు.

పెన్ను బాగోలేదు, రాత కుదరడం లేదు. మళ్ళీ రాస్తాను.

వదిన


వంతెన పని క్యాంపు, ఆడవాళ్ళ షెడ్డు
ఆదివారం

వదినా,

ఏమిటా ఉత్తరం? నాలుగు ముక్కలు, అవీ ఏటవాలుగా. ఒకటో తరగతి పిల్ల పలక మీద దిద్దినట్టున్నాయి అక్షరాలు. పెన్ను బాగోకపోతే సిరా పడదు గానీ వంకర్లు పోతుందా? నా చెవిలో పువ్వు పెట్టకు. అన్నయ్యతో గొడవ పడ్డావా? ఒంట్లో బాగాలేదా? సూటిగా రాయి.

నా సంగతికొస్తే, యాభై ఐదు. కాటా సరిగ్గానే ఉందా అని సిమెంటు సంచి పెట్టి చూశాను, సరిగ్గానే ఉంది. చిత్రమేంటంటే, బొత్తాం ఇప్పటికీ పట్టడం లేదు. పడుతుంది, కానీ చెయ్యి ముందుకి చాచగానే విడిపోతుంది. యాభై నాలుగుకి ఒక్క కిలో దూరంలో ఉండి కూడా ఇదేంటో అర్థం కావడం లేదు. నా ఎముకలు లావేమో. యాభై నాలుగు కాదు, యాభై రెండుకి దిగితే కుదురుతుందనుకుంటున్నా.

ఈ మధ్య నిచ్చెన ఎక్కుతూ మధ్యలో ఉండే అరుగు మీద కూర్చుండిపోతున్నాను. ఇదివరకు కబుర్లు చెప్పుకుంటూ పైదాకా వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడు నా వెనక వచ్చేవాళ్ళు కిందే ఆగి, "మేడం గారి విశ్రాంతి అయ్యిందా?" అని అరుస్తారు. ఇంకోటి, నెలసరి రాలేదు. నవ్వకు. అలాంటిదేం లేదు, ఇక్కడ క్రేను తప్ప నాకు వేరే మగదిక్కు లేదు. అలవాటైతే అన్నీ సర్దుకుంటాయనుకుంటా.

నీ రాత సంగతి మాత్రం రాయి.

నీ ఆడపడుచు


మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం
మంగళవారం

అమ్మాయ్,

ఇది చదువుతూనే మెస్సుకి వెళ్ళి ఏదో ఒకటి తిను. మిగతాది తిన్నాక చదువు. క్యాంపు ఆఫీసుకి నిన్నట్నుంచి ఫోన్ చేయిస్తున్నాను, ఎవరూ ఎత్తడం లేదు. ఉత్తరం వ్యానెక్కి నీ దాకా రావడానికి పట్టే రోజులు తలుచుకుంటే భయంగా ఉంది.

నీ ఉత్తరం చదివాక బీరువాలోంచి మూడేళ్ళ కిందటి మీడియం చొక్కా తీశాను. నీకు పంపినలాంటిదే ఇంకోటి ఇంట్లో ఉంది. దాన్ని మంచం మీద పరిచి పాతదాని మీద పెట్టాను. రెంటికీ మీడియం అనే చీటీ ఉంది. కొత్తది చుట్టుకొలతలో నాలుగు వేళ్ళు తక్కువ.

నువ్వు లావెక్కలేదు. నేను చిక్కిపోయాను. ఆ చొక్కా చిక్కిపోయిన నా ఒంటి మీద సరిచూసింది. నువ్వు ఎంత తగ్గినా అది నీకు పట్టదు, పట్టకూడదు కూడా.

ఎలా జరిగిందో చెబుతాను. నలభై దాటిన ఏడాది నా నడుము బొటనవేలంత పెరిగింది. పాత మాస్టరు టేపు చూసి పక్కన పెట్టేశాడు. అంతకు ముందు నెలే లార్జి గారిని పంపించేశారు. ఆవిడ పెరిగి ఎక్స్‌ట్రా లార్జి అయింది, ఆ సైజుకి అప్పటికే వేరే మనిషి ఉంది, కాబట్టి ఈవిడ అక్కర్లేదు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, ఏడవలేదు. మర్నాటికి ఆ కుర్చీలో కొత్త లార్జి గారు కూర్చుని ఉంది. అప్పట్నుంచి నాకు అన్నం మీద భయం పట్టుకుంది. పెరిగితే పోతుంది, తగ్గితే ఎవరూ పట్టించుకోరు. అందుకని ముందుజాగ్రత్తగా కొంచెం తగ్గాను. తగ్గాక, ఇంకాస్త తగ్గి ఉంటే ఇంకా భద్రం కదా అనిపించింది. పాత మాస్టరు ఉంటే టేపు పట్టించేది. ఆయన వెళ్ళిపోయాడు, వచ్చినాయనకి నేనే టేపు. చొక్కా నా మీద వదులుగా కనిపిస్తే చొక్కాదే తప్పని పిన్నులు పెట్టాడు. నేను నోరు మెదపకుండా నిలబడ్డాను. వేల మందికి చొక్కాలు బిగుసుకుపోయాయి. వాళ్ళలో ఎంతమంది నీలాగే అద్దం ముందు నిలబడి తమనే తిట్టుకున్నారో తెలియదు.

నా రాత సంగతి అడిగావు. స్నానాలగదిలో కాలు జారి చెయ్యి ఆనించాను. అంతే, మణికట్టు విరిగింది. అది కుడిచెయ్యి, ఇది ఎడమచేతి రాత. కట్టు కట్టిన డాక్టరు, "ఇంత చిన్న దెబ్బకి ఈ వయసులో ఎముక విరగకూడదమ్మా" అని ఇంకో పరీక్ష చేయించాడు. ఎముకలు పలచబడ్డాయట. నెలసరి ఎప్పట్నుంచి లేదని అడిగాడు. ఏడాది దాటిందన్నాను. వయసు వల్ల అనుకున్నానని చెప్పాను. అలా అనుకుంటే హాయిగా ఉండేది మరి. తూకం వేస్తే నలభై ఆరు. నీకు రాసిన యాభై నాలుగు నేను ఉద్యోగంలో చేరిన నాటి అంకె.

నీకు అబద్ధం చెప్పలేదని సర్దిచెప్పుకోవడానికి కాగితాల్లో ఉంటుందని రాశాను. నువ్వు దాన్ని పట్టుకుని కడుపు కట్టుకున్నావు. నీకేమన్నా అయితే మీ అన్నయ్య ముఖం నేను చూడలేను. నా ముఖం నేనూ చూసుకోలేను.

రేపు మాస్టరుకి అంతా చెబుతాను. చెప్పాక ఏమవుతుందో తెలియదు. ముందు నువ్వు తిను.

వదిన


క్యాంపు ఆసుపత్రి గది
శుక్రవారం

వదినా,

నీ ఉత్తరం వచ్చేసరికి మంచం మీదే ఉన్నాను. రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది.

క్రేనుకి దూలం వేళ్ళాడుతోంది. కింద మనుషులున్నారు. కళ్ళు బైర్లు కమ్మాయి. చేతులు వాటంతటవే లివరు వదిలేశాయి. వదిలేస్తే క్రేను ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, అది దాని మంచితనం. దూలం గాల్లో అలా ఊగుతూ ఉండిపోయింది. మేస్త్రీ నిచ్చెనెక్కి వచ్చి నన్ను నడుముకి తాడు కట్టి దింపాడు. దింపి నీళ్ళు తాగించాడు. తిడితే బాగుండేది.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ కింద నిలబడ్డవాళ్ళలో వెల్డింగావిడ కూడా ఉంది.

ఇక్కడి డాక్టరమ్మ నా చెకప్పు కార్డు తీసింది. పోయినేడు అరవై రెండు. అంతకు ముందేడు అరవై ఒకటి. దాని ముందు మళ్ళీ అరవై రెండు. "ఇంత నిలకడగా ఉన్న మనిషివి ఎందుకమ్మా తగ్గావు?" అంది. చొక్కా కోసం అన్నాను. ఆవిడ నవ్వలేదు. గోడ మీది పట్టిక చూపించింది. నా ఎత్తుకి నలభై ఎనిమిది దగ్గర మొదలై అరవై మూడు దాటే దాకా అంతా ఒకటే రంగు వేసి ఉంది. "ఈ రంగులో ఉంటే మంచిదే. కానీ ఈ రంగులో నీ చోటెక్కడో పట్టికకి తెలియదు. అది నీ ఒంటిని అడగాలి" అంది. తర్వాత నడుము కొలిచింది, బీపీ చూసింది, రక్తం తీసింది, అమ్మకీ నాన్నకీ షుగరుందా, గుండెజబ్బుందా అని అడిగింది. నిచ్చెన ఎంత తేలిగ్గా ఎక్కేదానివి అని అడిగింది. అరవై రెండులో ఏ లోటూ లేదట. పోయిన బరువులో సగం కండేనట. క్రేను నడిపే దాన్ని, ఉన్న కండంతా తూకానికి పెట్టాను.

ఇంక నీ సంగతి. కోపంతో ఒళ్ళు మండుతోంది. నాతో కూడా కాగితాల్లో అంకె మాట్లాడతావా? ఎముకలు గుల్లబారేదాకా పస్తులుండి, నన్ను మాత్రం రాత్రి భోజనం మానొద్దంటావా? ఆడపడుచు పెత్తనం అంటే ఏమిటో ఇన్నేళ్ళలో నీకు చూపించలేదు, ఇప్పుడు చూపిస్తాను. అన్నయ్యకి విడిగా ఉత్తరం రాశాను. ఇంక రోజూ నీ కంచం ముందు కూర్చుంటాడు. తప్పించుకోలేవు.

నాకు తల్లి పోయాక నువ్వే ఉన్నావు వదినా. అది గుర్తుపెట్టుకో.

నీ ఆడపడుచు


మూడో అంతస్తు, వంటింటి బల్ల
సోమవారం

అమ్మాయ్,

కట్టు విప్పారు, మళ్ళీ కుడిచేత్తో రాస్తున్నాను. నువ్వు తిరిగి క్యాబిన్ ఎక్కావని మేస్త్రీ ఫోన్లో చెప్పాడట, మీ అన్నయ్య ఇల్లంతా తిరుగుతూ నాకు రెండుసార్లు చెప్పాడు.

నీ ఉత్తరం ఆయన మీద బాగా పనిచేసింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుంటాడు. కంచం వైపే చూస్తాడు. నేను ఆపితే గ్లాసుతో పాలు పెడతాడు. పాలు తాగకపోతే తనూ తినడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకు ఇంత మొండితనం చూపించలేదు.

చెప్పాల్సిన సంగతి వేరే ఉంది. నేను నిజం చెప్పిన రోజు మాస్టరు అద్దంలో నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. తర్వాత తన టేపు సొరుగులోంచి తీసి మెడలో వేసుకున్నాడు. అప్పట్నుంచి తీయలేదు. గోడౌనులో తిరిగొచ్చిన చొక్కాలు కప్పు దాకా ఉన్నాయి. మేనేజరు నెమ్మదిగానే మాట్లాడాడు. కంపెనీ సైజుల చార్టులో ఉన్న మీడియం కొలతకి వచ్చి అక్కడే నిలబడగలిగితే పని నాదేనన్నాడు.

ఇవాళ టేపు పెట్టారు. ఛాతీ, నడుము, తుంటి, మూడూ చార్టులో ఉన్నట్టే ఉన్నాయి. మాస్టరు పిల్లాడిలా సంబరపడ్డాడు. "చాలు మేడం, ఇక్కడ ఆగిపోండి" అన్నాడు.

నేను డాక్టరు దగ్గరికి వెళ్ళి అదే అడిగాను, ఇక్కడ ఆగిపోనా అని. "మీ ఒళ్ళు ఇంకా ఆగలేదమ్మా, ఇంకా పైకి వెళ్తోంది. నెలసరి కూడా రాలేదు. ఆకలికి తిని, నడిచి, నిద్రపోతూ ఉంటే అదే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఆ చోటు చూద్దాం" అన్నాడు. అది ఎక్కడని అడిగితే తనకీ తెలియదన్నాడు.

మీడియం దగ్గర ఆగాలంటే మళ్ళీ సగం కంచంలో లేవాలి. ఈసారి ఎక్కువ కాదు, కొంచెమే. ఎవరికీ తెలియదు. మీ అన్నయ్య కళ్ళు కప్పడం పెద్ద పనేం కాదు.

నాకు ఆ పని ఇష్టం. నవ్వుతావేమో, నిలబడటం కూడా ఒక పనా అని. ముక్కూ మొహం తెలియని ఎవరో ఒకావిడ బస్సులో భుజం పట్టేయకుండా కమ్మీ అందుకుంటోందంటే, ఆ గదిలో ముందు నేను చెయ్యెత్తాను కాబట్టే. ఇంకేం పని నాకు చేతకాదు. ఏం చెయ్యను చెప్పు.

వదిన


క్రేను కింద, పనివాళ్ళ బల్ల
ఆదివారం

వదినా,

ఏం చెయ్యాలో చెప్పను. చెబితే రేపు పని పోయినప్పుడు నన్ను తిడతావు. నాకు తెలిసింది ఒక్కటి చెబుతాను.

క్యాబిన్‌లో అద్దం పక్కన ఒక రేకు పలక ఉంటుంది. క్రేను చెయ్యి దగ్గరగా ఉన్నప్పుడు ఎంత ఎత్తొచ్చు, చాచినప్పుడు ఎంత ఎత్తొచ్చు అని దాని మీద ఉంటుంది. ఏ క్రేను పలక ఆ క్రేనుదే. పక్క క్రేను పలక చూసి నేను దూలం ఎత్తానంటే ఆ రోజే నన్ను ఇంటికి పంపుతారు, అది న్యాయం కూడా. ఈ మాట కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళందరికీ నేనే చెబుతాను. అలాంటిది నీ అంకె పట్టుకుని నా ఒళ్ళు నడిపాను. నువ్వేమో ఎప్పుడో రాసిన చార్టు పట్టుకుని నీ ఒళ్ళు నడిపావు. ఇద్దరం ఇద్దరమే.

నేను అరవై ఒకటి దగ్గర ఆగాను. ఆగమని ఎవరూ అనలేదు, ఆగొద్దని ఎవరూ అనలేదు, అదే ఆగింది. నిచ్చెన మధ్యలో కూర్చోవడం లేదు. నెలసరి కూడా వచ్చింది, క్రేను ఊపిరి పీల్చుకుంది. వంటావిడ మళ్ళీ మాట్లాడుతోంది. వెల్డింగావిడ మాత్రం ఇప్పటికీ దూలం కింద నుంచి వెళ్ళేటప్పుడు తలెత్తి ఒకసారి నా క్యాబిన్ వైపు చూస్తుంది. చూడనీ.

నువ్వు ఎటు వెళ్ళినా నేను నీ పక్షమే. సగం కంచం దగ్గర లేచావని తెలిస్తే మాత్రం పని వదిలేసి వచ్చి నీ నోట్లో నేనే పెడతాను.

చివరికి ఎంత దగ్గర ఆగావో మాత్రం రాయి. ఈసారి కాగితాల్లోది కాదు, నిజమైనది.

నీ ఆడపడుచు


మూడో అంతస్తు, వంటింటి బల్ల
శనివారం

అమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చిన సోమవారం నుంచి నేను కడుపునిండా తిన్నాను. కళ్ళు కప్పడం చేతకాక కాదు, చేతనవుతుంది కాబట్టే భయపడి మానుకున్నాను.

ప్రతి సోమవారం మాస్టరు టేపు పెట్టేవాడు. మొదటి వారం వచ్చిన అంకె రాసుకున్నాడు. రెండో వారం టేపు కొంచెం బిగించి లాగి, చార్టులో ఉన్న అంకె వచ్చేలా పట్టుకున్నాడు. నా కోసమే. నేను టేపు కింద వేలు పెట్టి వదులు చేశాను. "వదిలెయ్యండి మాస్టరూ, మళ్ళీ ఎవరికో బొత్తాం ఊడుతుంది" అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

పెరిగి పెరిగి ఒకచోట ఆగాను. రెండు నెలలుగా అక్కడే ఉన్నాను. నెలసరి వచ్చింది. నాలుగు మెట్లెక్కితే చెయ్యి గోడకి ఆనడం లేదు. చలి తగ్గిందో నాకే తగ్గిందో, స్వెట్టరు పెట్టెలో పెట్టేశాను. ఎముకలు మళ్ళీ గట్టిపడటానికి చాలా కాలం పడుతుందట, పూర్తిగా పడతాయో లేదో డాక్టరు చెప్పలేదు. నేను ఆగిన చోటు ఎక్కడో తెలుసా? మీడియానికి ఎక్కువ, లార్జికి తక్కువ. మా కంపెనీ అమ్మే ఏ సైజుకీ నేను సరిపోను. మాస్టరు చార్టు రెండుసార్లు చూశాడు, నా కోసం మధ్యలో ఒక గడి ఉంటుందేమోనని. లేదు.

నిన్న చివరిరోజు. నా కుర్చీలో కొత్త మీడియం గారు కూర్చుంది. మంచి పిల్ల. చార్టు కంటే నీ ఒళ్ళు మారితే వెంటనే చెప్పు, దాచకు అని చెప్పాను. తలూపింది. నేనూ ఆ వయసులో తలూపేదాన్నే. అద్దాల గది తలుపు వేస్తుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఎంత దగ్గర ఆగానని అడిగావు. చెప్పను. కోపం వద్దు. ఇన్నేళ్ళు నా ఒళ్ళు ఊరందరికీ కొలత. ఈ ఒక్క అంకె నా దగ్గరే ఉంచుకుంటాను. నీకు చెబితే అరవై ఒకటిలో హాయిగా ఉన్నదానివి, పక్కన నా అంకె పెట్టుకుని ఎక్కువా తక్కువా అని చూస్తావు. నువ్వంటే ఎంత ప్రాణమో నీకు తెలుసు. నిన్ను మళ్ళీ ఆ మంచం మీద పడుకోబెట్టే మాట నా చేత్తో రాయను.

ఇంకా పని దొరకలేదు. మీ అన్నయ్య "చూద్దాంలే" అంటాడు, ఆయనకి అంతకంటే ఎక్కువ మాటలు రావు. పొద్దున లేవగానే గుండెల్లో గుబులుగా ఉంటుంది. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. దాంతోపాటు బాగా ఆకలేస్తోంది. ఆయన రెండు కంచాలు పెట్టి పిలుస్తున్నాడు. వెళ్ళి తింటాను.

మీ వదిన